రాలిన కాయకు క్షమాపణ పత్రం

మా తాతగారి ముద్ర ఒకటి నా దగ్గర ఉంది. ఇత్తడిది, చెక్క పిడి. మధ్యలో మామిడి పిందె, చుట్టూ మా ఇంటిపేరు, ఊరిపేరు. తోట కౌలుకిచ్చినప్పుడు కాగితం మీద ఆ ముద్ర పడితేనే మాట చెల్లినట్టు. ఆగిరిపల్లి నుంచి నూజివీడు వచ్చే దారిలో కుడిచేతి పక్క తోటలు చాలావరకు ఒకప్పుడు మావే. ఇప్పుడు మిగిలినవి తాతగారు కచేరీ నడిపిన రెండు గదులు, ముందు వరండా, గేటు పక్కన ఒక పెద్ద రసం మామిడి చెట్టు, ఈ ముద్ర. లోగిలి కొన్నవాళ్లు దాన్ని పడగొట్టి కళ్యాణ మండపం కట్టారు. నేను హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. భార్య పోయింది, పిల్లలు లేరు. ఎవరూ జాలిపడాలని ఇది చెప్పడం లేదు. ఎక్కడ కూర్చున్న మనిషి ఈ సంగతి చెబుతున్నాడో తెలియడం కోసం చెబుతున్నాను.

ఆ ముద్రను నేను చివరిసారిగా వాడింది ఒకామెను క్షమించడానికి. ఇదంతా రాస్తానని ఆమెను అడిగాను. “రాసుకోండి, పేరు మాత్రం వద్దు” అంది. అందుకని ఎవరి పేరూ రాయడం లేదు.

ఆమెకు యాభై దాటాయి. మా వీధి చివర చర్చి ఉన్న పేటలో కాపురం. మామిడి రోజుల్లో ప్యాకింగ్ షెడ్డులో కాయలు ఏరి పెట్టెల్లో సర్దుతుంది, మిగతా రోజుల్లో తోట పనులకు వెళుతుంది. భర్త ఆటో నడుపుతాడు. ఆమె తల్లి మా తోటల్లో కూలి చేసేది, ఈమె కూడా చిన్నతనంలో తల్లి వెంట వచ్చేది. పెళ్లయ్యాక భర్తతో పాటు చర్చికి వెళ్లడం మొదలుపెట్టింది.

ఒక శనివారం ఉదయం వచ్చి వరండా మెట్ల కింద నిలబడింది.

“దొరగారూ, ఒక్క మాటండి. చిన్నప్పుడు మీ తోటలో కాయ దొంగతనం చేశానండి. గేటు దగ్గర మీరే ఒడి దులపమన్నారు, దులిపాను. ఒకటి మాత్రం జాకెట్టులో దాచేశానండి. అది మీరు చూళ్లేదు.”

నలభై ఏళ్ల నాటి మాట అది. నాకు గుర్తుంది, గుర్తు లేనట్టు నిలబడ్డాను.

“ఇప్పుడేం కావాలి?”

“క్షమించానని ఒక్కమాట అనండి చాలు. రేపు బల్ల.”

వాళ్ల చర్చిలో నెలకో ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. దాన్ని బల్ల అంటారు. మనసు పరీక్షించుకుని తీసుకోవాలని, ఎవరితోనైనా సమాధానం లేకపోతే ముందు వెళ్లి సమాధానపడి రావాలని పాస్టర్ చెప్పాడట. మిగతావాళ్లు విని ఇంటికి వెళ్లి అన్నం తిన్నారు. ఈమె నా దగ్గరికి వచ్చింది. తల్లి పోయినప్పటి నుంచి, అంటే రెండేళ్ల నుంచి, తాను యోగ్యురాలిని కాదని బల్ల ముట్టుకోవడం లేదని తరవాత తెలిసింది. బల్ల రోజున ఆ పేట ఆడవాళ్లంతా తెల్లచీర కడతారు. ఈమె రంగుచీర కట్టుకుని వెనక వరసలో కూర్చునేదట.

నేను కుర్చీలోంచి లేచి నిలబడి, “క్షమించాను” అన్నాను. మా నాన్నగారు అలాంటి మాటలు నిలబడే అనేవారు. ఆమె కళ్లు తుడుచుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు నేను హాయిగా భోంచేశాను. దాన్ని దాచడం ఎందుకు?

మర్నాడు ఆమె బల్ల తీసుకోలేదు. ఆ తరవాతి శనివారం మళ్లీ మెట్ల దగ్గర ఉంది. ఒకటి కాదేమో, రెండు కాయలేమో అని అనుమానం వచ్చిందట. రెండూ క్షమించాను. ఆ పై వారం, “పైకే అన్నారా, మనసులో కూడా అనుకున్నారా అండీ?” అంది. మనసులో కూడా అన్నాను. అలా వారం వారం అయింది. శనివారం తొమ్మిదింటికల్లా నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చునేవాణ్ణి. ఆలస్యమైతే వీధివైపు చూసేవాణ్ణి.

ఆమె తిరుగుతున్నది నా ఒక్కడి దగ్గరికే కాదు. టీకొట్టు అతను, పాతికేళ్ల కింద పోట్లాడిన తోడికోడలు, షెడ్డులో పక్క మనిషి, అందరినీ క్షమించమని అడుగుతోంది. పోయిన సీజనులో షెడ్డులో టేపు వేసిన పెట్టె మళ్లీ విప్పేదట. అడుగున దెబ్బ తగిలిన కాయ పెట్టానేమో, కొన్నవాళ్లను మోసం చేసిన పాపం చుట్టుకుంటుందేమో అని. రెండుసార్లు చూసి ఊరుకున్న సూపర్‌వైజర్ మూడోసారి చీపురు చేతికిచ్చాడు. ఒకరోజు ఆమె భర్త ఆటో గేటు దగ్గర ఆపి లోపలికి వచ్చాడు.

“ఇంట్లో టైముకి అన్నం ఉడకట్లేదు దొరగారూ. బియ్యంలో రాయుండి నా పన్ను విరిగితే పాపమని మూడేసి సార్లు ఏరుద్ది. ఈ ఏరుడుకి నా పళ్లు ఆకలికే ఊడిపోయేటట్టున్నాయి. మీరు గట్టిగా ఒక్కసారి చెప్పండి. మీ మాటంటే దానికి గురి.”

గురి అన్న మాట నా చెవిలో ఉండిపోయింది. గట్టిగా చెప్పడమంటే మా ఇంట్లో కాగితం మీద చెప్పడమే. పెట్టెలోంచి తాతగారి నాటి లెటర్‌హెడ్ తీశాను. అంచులు పసుపెక్కాయి, కాగితం మాత్రం గట్టిగానే ఉంది. బడిలో వాడిన స్టాంపు సిరా ఒక సీసా మిగిలి ఉంటే దానితో ప్యాడ్ తడిపాను. మా తోటలో ఆమె మైనరుగా ఉన్నప్పుడు చేసిన కాయ దొంగతనాన్ని నేనూ నా వారసులూ పూర్తిగా క్షమించడమైనదని, ఇకపై ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదని రాశాను. నాకు వారసులు లేరు. అయినా రాశాను. సంతకం చేసి, ముద్ర వేసి, రెండుసార్లు చదువుకుని ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులతో అందుకుంది. నూజివీడులో జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లి లామినేషన్ చేయించుకుంది.

రెండు వారాలు రాలేదు. చూశావా, పత్రంలో ఉన్న బలం అనుకున్నాను. మూడో వారం వచ్చింది. పత్రం చేతిలో ఉంది, ఒక మూల వేళ్లు రాసుకుని మసకబారింది.

“ఇందులో కాయ అని ఉందండి. నేను దాచింది టెంకె కూడా కట్టలేదు. పిందె. పిందె కూడా ఇందులోకి వస్తుందాండీ?”

కాయలు, పిందెలు, ఆకులు, పుల్లలు సహా అని రెండో పత్రం రాసిచ్చాను. నెల తిరక్కుండా మూడోది రాశాను. అప్పటికి కూడా నాకు అనుమానం రాలేదు. మా వంశంలో ఇంత శ్రద్ధగా పత్రం రాసినవాడు లేడనుకున్నానే తప్ప, అది ఎందుకు పనిచేయడం లేదని అనుకోలేదు.

పేట పాస్టర్ నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. అతని నాయనమ్మ మా పశువుల కొట్టంలో పనిచేసింది. పేటవాళ్లు అతన్ని అయ్యగారంటారు. నా చిన్నప్పుడు ఆ మాట మా తాతగారికి మాత్రమే వాడేవారు. నేను అతన్ని ఇప్పటికీ నువ్వనే అంటాను. ఎదురుగా సంఘపెద్దలున్నా మానుకోలేదు. ఒక బుధవారం అతను వచ్చి కూర్చున్నాడు, కూర్చోమని నేను అన్నాకే.

“మాస్టారూ, నేను ఓడిపోయాను. పొద్దున ఆరింటికి వస్తుంది ప్రార్థన చెయ్యమని. చేస్తాను. గడప దాటి మళ్లీ వస్తుంది, ఇందాక ప్రార్థనలో నా మనసు పక్కకి పోయింది అయ్యగారూ అని. నిన్న ఏడుసార్లు చేశాను. దయ్యమని కొందరంటే, తల మీద చెయ్యేసి గంటసేపు కేకలు వేసే మనిషిని ఎవరో తీసుకొచ్చారు. అతన్ని పంపించేశాను. అక్కడితో నాకు తెలిసింది అయిపోయింది.”

“నేను పత్రం ఇచ్చాను.”

“చూశాను. రొమ్ముకి హత్తుకుని తిరుగుతోంది. అందుకే వచ్చాను. విజయవాడ నుంచి ఒక అమ్మాయి గురువారాలు మా చర్చి పక్క గదిలో కూర్చుంటోందండీ. ముందు దైవశాస్త్రం చదివి, తరవాత సైకాలజీ చదివింది, ఆసుపత్రిలో పనిచేస్తుంది. మన మనిషిని రెండు వారాల నుంచి చూస్తోంది. రేపు మిమ్మల్ని కూడా రమ్మంది. మన మనిషి సరేనన్నాకే పిలుస్తున్నాను.”

“నేనెందుకు?”

“రోజూ క్షమిస్తున్నది మనిద్దరమే కదండీ.”

ఆ చర్చిలో నేను అంతకుముందు అడుగుపెట్టలేదు. పక్క గదిలో ఆదివారం బడి పిల్లల బొమ్మల చార్టులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకటి చేతిరుమాలుతో దులుపుకుని కూర్చున్నాను. ఆ అమ్మాయికి ముప్పై రెండు, ముప్పై మూడు ఉంటాయి. స్కూటీ మీద వచ్చిన దుమ్ము ఇంకా చున్నీ మీద ఉంది. నా మూడు పత్రాల నకళ్లు చదివింది. ఒక్క మాట కూడా వదలకుండా చదివింది.

“రాత చాలా బావుందండీ సార్” అంది. తరవాత జబ్బు సంగతి చెప్పింది. దాన్ని ఓసీడీ అంటారట. కొందరికి మురికి గురించి వస్తుంది, కొందరికి తాళం వేశానా లేదా అని వస్తుంది, ఈమెకు పాపం గురించి వచ్చింది. “దురద ఉన్నచోట గోకితే ఆ కాసేపు హాయిగానే ఉంటుంది. పుండు మాత్రం మానదు. ఆవిడ గోకించుకోవడానికే వస్తోంది. పాస్టర్ గారు ప్రార్థనతో గోకుతున్నారు. మీరు ముద్ర వేసి మరీ గోకారు.”

పాస్టర్ నవ్వాడు. నేను నవ్వలేదు.

తరవాత జరిగిన వాదన వాళ్లిద్దరిదీ. నేను విన్నాను. ఇక మీదట ఆమె అడిగినప్పుడు క్షమాపణ ప్రార్థన చేయకూడదని ఆ అమ్మాయి అంది. పాస్టర్ ముఖం మారింది.

“ప్రార్థన చెయ్యమని వచ్చిన మనిషిని చెయ్యనని పంపించే పాస్టర్ని ఎక్కడైనా చూశావా అమ్మా? ఆ కుర్చీలో నేనెందుకు మరి?”

“మీరు ఆవిడ కోసం ప్రార్థన చేసుకోండి, మీ ఇంట్లో. ఆవిడ లెక్కపెట్టుకుంటూ వచ్చి అడిగినప్పుడు మాత్రం చెయ్యొద్దు. దేవుడు ఒకసారి క్షమిస్తే చాలని మీరే చెబుతారు కదండీ. ఎనిమిదోసారి చేసినప్పుడు మీరు ఆవిడకి ఏం నేర్పుతున్నట్టు? మొదటి ఏడూ చాల్లేదనే కదా.”

 నా తరగతిలో కూడా పాస్టర్ జవాబు తెలియకపోతే తెలిసినట్టు నటించేవాడు కాదు. “మరి నన్నేం చెయ్యమంటావు?” అన్నాడు.

“పక్కన కూర్చోండి. మాట్లాడకుండా. భయం వచ్చి, ఉండి, దానంతట అది తగ్గేదాకా. పారిపోకుండా పక్కన ఉండే మనిషి కావాలి ఆవిడకి. అది నాకంటే మీకే బాగా వచ్చు. చావు ఇళ్లలో మీరు చేసేది అదే కదా.”

అతను తల ఊపాడు. తరవాత తనే ఒక మాట అన్నాడు. “బల్ల గురించి నేను ఇన్నాళ్లూ చెప్పింది సగమే. పరీక్షించుకోమన్నాను. పరీక్షలో పాసైతేనే రమ్మన్నట్టు వినపడింది. అలాగైతే అక్కడ ముందు నేనే నిలబడలేను. అనుమానం ఉన్నవాళ్లు అనుమానంతోనే రండని చెబుతాను ఈ నెల.”

“ఆ మాట నేను చెబితే సలహా అవుతుందండీ. మీరు చెబితేనే ఆవిడకి దేవుడి వాక్యం” అంది ఆ అమ్మాయి. అతను ఆ నెల అలాగే చెప్పాడు. సంఘపెద్దలు ఇద్దరు సణిగారట. మళ్లీ నెల కూడా చెప్పాడు.

ఆ గురువారమే ఆ అమ్మాయి నావైపు తిరిగి, “ఆవిడ వచ్చి క్షమించమన్నప్పుడు మీకు ఎలా ఉంటుంది సార్?” అంది.

“నేను పేషెంటుని కాదు” అని లేచాను.

“కాదండీ. ఊరికే అడిగాను.”

నడిచి ఇంటికి వచ్చేశాను. మర్నాడు ఇస్త్రీ బండి దగ్గర చొక్కా తీసుకుంటుంటే అతను, “శనారం చొక్కా రెడీ మాస్టారూ” అన్నాడు. డబ్బులిచ్చి వచ్చి వరండాలో కూర్చున్నాను. ఊళ్లో నా ఎదుట చేతులు కట్టుకుని నిలబడే మనిషి ఒక్కరే మిగిలి ఉన్నారు, అదీ జబ్బు వల్ల. నేను ఎదురుచూస్తున్నది దానికోసం. ఎలా ఉంటుందన్న ప్రశ్నకు అదీ జవాబు.

ఇంకొకటి కూడా ఉంది. మా తోటల్లో గాలికి రాలిన కాయ కూలీలది. కోతకు ముందు రాలిన పచ్చికాయను వాళ్లు ఏరుకుని పప్పులో వేసుకునేవారు, ఒరుగులు ఎండబెట్టుకునేవారు. తాతగారి కాలం నుంచి అదే వాడుక. ఆ ఏడు నాన్నగారు తోటను పూత మీదే ఒక వ్యాపారికి ఇచ్చేశారు. రాలిన కాయ కూడా తనదేనని అతను పట్టుబట్టాడు. నాన్నగారు కాదనలేకపోయారు. కాదనలేకపోయానని కూలీలకు చెప్పుకోనూ లేకపోయారు. రాలిన కాయ ముట్టుకుంటే దొంగతనమేనని చాటించి, ఇరవై రెండేళ్ల నన్ను గేటు దగ్గర నిలబెట్టారు. పన్నెండేళ్ల పిల్ల పరికిణీ ఒడి పట్టుకుని వచ్చింది. అందరి ముందూ దులపమన్నాను. కాయలు దొర్లాయి. అవి ఆమెవే. నలభై ఏళ్ల తరవాత దాన్ని దొంగతనమని నా చేత్తో రాసి, ముద్ర వేసి, మూడుసార్లు ఇచ్చాను.

తరవాతి గురువారం వెళ్లి ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. “ఆమెను పిలవండి. అది దొంగతనం కాదని ఇప్పుడే చెప్పేస్తాను” అన్నాను.

“చెబుదురు గాని సార్, ఇప్పుడు వద్దు. ఇప్పుడు చెబితే అది నాలుగో పత్రం. వారం హాయిగా ఉండి, నిజంగానే చెప్పారా, నా మీద జాలితో చెప్పారా అని మళ్లీ మొదలవుతుంది.”

“మరి ఎప్పుడు?”

“ఆవిడకి ఆ మాట అవసరం లేనప్పుడు.”

“అప్పుడు చెప్పి ప్రయోజనం?”

“అప్పుడు అది మీకోసం. అంతదాకా ఉంచుకోవడం కష్టమైతే పాస్టర్ గారున్నారు, నేనున్నాను.”

నా మనసు తేలిక చేసుకోవడానికి ఒక జబ్బు మనిషిని వాడుకోబోయానని ఆ అమ్మాయి అనలేదు. అర్థమైంది.

ఆమెను విజయవాడలో డాక్టరుకు చూపించారు, రోజూ ఒక మాత్ర రాశారు. మిగతాది మెట్లు మెట్లుగా పెట్టుకున్నారు. ఏది ముందు, ఏది తరవాత అన్నది ఆమే చెప్పింది. బియ్యం ఒక్కసారే ఏరాలి. టేపు వేసిన పెట్టె విప్పకూడదు. టీకొట్టు వైపు క్షమాపణకు వెళ్లకూడదు, టీకైతే వెళ్లొచ్చు. పత్రాలు మూడూ ఆ అమ్మాయి ఫైల్లో పెట్టేయాలి. అన్నిటికంటే పై మెట్టు బల్ల. దాని కింది మెట్టు మా గేటు పక్క చెట్టు కింద రాలిన కాయ అడక్కుండా తీసుకెళ్లడం. ఆ మెట్టు ఆమే చెప్పిందట, చెప్పి ఏడ్చిందట.

నాకు ఒక వాక్యం ఇచ్చారు. దానికి ఒక్క మాట కలపకూడదు, తీయకూడదు. శనివారం ఆమె వచ్చింది.

“ఆ సంగతి మాట్లాడను. టీ తాగి వెళ్లు” అన్నాను.

“ఒక్కసారి దొరగారూ. ఇదే ఆఖరు.”

“ఆ సంగతి మాట్లాడను. టీ తాగి వెళ్లు.”

“ఆ పిల్ల చెప్పమంటే చెబుతున్నారు మీరు. మీ నాన్నగారైతే ఒకరు చెబితే వినేవారు కాదు. మాటివ్వడానికి కూడా లేకుండా పోయిందా మీ ఇంట్లో?”

ఆమె అలా మాట్లాడగలదని నాకు తెలియదు. లోపలికి వెళ్లి టీ పెట్టాను. మా ఇంట్లో కూలివాళ్లకు వేరే గ్లాసులుండేవి, వాటిని ఎప్పుడో పాతసామాన్లవాడికి వేశాను. నేను తాగే కప్పులోనే ఇచ్చాను. మెట్టు మీద కూర్చుని తాగింది. నేను కూడా కూర్చున్నాను. నిలబడితే మళ్లీ తీర్పు చెబుతున్నట్టుంటుందని ఆ అమ్మాయి చెప్పింది. నలభై నిమిషాలు పట్టింది. లేచి కప్పు కడగబోతే వద్దన్నాను. ఆ మాట నా వాక్యంలో లేదు.

మూడు నెలలు ఇలాగే. కొన్ని శనివారాలు గొడవ చేసింది, కొన్నిసార్లు టీ తాగి ఊరికే వెళ్లిపోయింది. అవతల చర్చిలో పాస్టర్ రోజూ పొద్దున ఆమె పక్కన బెంచీ మీద మాట్లాడకుండా కూర్చుంటున్నాడు. “ప్రార్థన చెయ్యడం కంటే ఇదే కష్టంగా ఉంది మాస్టారూ, నోరు దురదపెడుతోంది” అన్నాడొకసారి. పేటలో అయ్యగారికి భక్తి తగ్గిందన్నారు. అది కూడా నోరు మూసుకునే విన్నాడు.

ఏప్రిల్లో ఒక సాయంత్రం గాలి లేచింది. పొద్దున చూస్తే చెట్టు కింద ముప్పై కాయలదాకా ఉన్నాయి. ఎనిమిదింటికి ఆమె, ఆ అమ్మాయి వచ్చారు. అమ్మాయి గేటు బయట స్కూటీ దగ్గరే ఆగింది. ముందురోజే నాకు ఫోన్ చేసి చెప్పింది, తీసుకోమని అనకూడదు, వద్దనకూడదు, నవ్వకూడదు, తల కూడా ఊపకూడదు. పేపరు చదవచ్చా అంటే అదే నయమంది.

ఆమె చెట్టు కింద నిలబడింది. నేను పేపరు పట్టుకున్నాను. ఏం చదివానో తెలియదు.

“దొరగారూ, తీసుకోనా?”

పేజీ తిప్పాను. ఇవ్వడం ఒక్కటే మాకు నేర్పారు. తీసుకో అన్న మాట నాలుక చివర ఉంది. అది అనకుండా కూర్చోవడం ఎంత పనో నాకు అంతకుముందు తెలియదు. ఆమె ఇంకోసారి అడిగింది. మూడోసారి అడగలేదు. వంగింది, లేచింది, మళ్లీ వంగింది. ఒక కాయ తీసి సంచిలో వేసుకుని, నావైపు చూడకుండా గేటు దాటింది. స్కూటీ వెళ్లిన చప్పుడు వినిపించాక పేపరు దించాను. పట్టుకున్నచోట చెమటకు తడిసి ఉంది.

తరవాతి ఆదివారం బల్ల. నేను వరండాలోనే ఉన్నాను. చర్చికి వెళ్లే ఆడవాళ్లలో ఆమె కూడా ఉంది, తెల్లచీరలో. మా గేటు దగ్గర మిగతావాళ్లను పోనిచ్చి ఆగింది. గడియ మీద చెయ్యి వేసింది. ఒక్క నిమిషం అలాగే ఉండి, చెయ్యి తీసేసి వెళ్లిపోయింది. నమస్కారం కూడా పెట్టలేదు. ఆ పేట మనిషి మా గేటు ముందు నుంచి నమస్కారం లేకుండా వెళ్లడం నేను చూడటం అదే మొదలు. మనసు చివుక్కుమంది. కాసేపటికి పోయింది.

మధ్యాహ్నం పాస్టర్ వచ్చాడు.

“తీసుకుంది మాస్టారూ. రసం కొంచెం ఒలికింది. తెల్లచీర మీద మరక. వెళ్లి కూర్చుని ఏడుస్తూనే ఉంది.”

“నువ్వు దగ్గరికి వెళ్లావా?”

“వెళ్లలేదండీ. వెళ్లి పర్లేదంటే మళ్లీ మొదలు కదా. ఆఖరి పాట అయ్యేసరికి ఏడుపు తగ్గింది. ఇంటికెళ్లి మరక ఉతుక్కోవాలి అంది, అంతే.”

నేను అప్పుడు అతనికి గేటు దగ్గర ఒడి దులిపించిన సంగతి చెప్పాను. ఆ పిల్ల కాయలు ఆ పిల్లవేనని చెప్పాను. చెప్పి ఎదురుచూశాను. చిన్నవయసు లెండి, మీ నాన్నగారి మాట కదా, అలాంటిది ఏదో ఒకటి అంటాడని. అనలేదు. ప్రార్థన చేద్దామా అని కూడా అనలేదు. పక్క కుర్చీలో కూర్చుని వీధివైపు చూశాడు. టీ చల్లారిపోయింది. నేను ఎదురుచూస్తున్నది దేనికోసమో నాకు తెలుస్తూనే ఉంది, అతనికీ తెలుసు. వెళ్లేటప్పుడు, “వచ్చే ఆదివారం కూడా ఇటొస్తాను మాస్టారూ” అన్నాడు. వచ్చాడు.

ఆమె శనివారాలు రావడం మానేసింది. పూర్తిగా తగ్గిందని కాదు. మాత్ర వాడుతోంది, గురువారాలు వెళుతోంది. మధ్యలో ఒక బల్లకు మళ్లీ రంగుచీర కట్టింది, ఆ పై నెల తెల్లచీరే. షెడ్డులో చీపురు తీసుకుని పెట్టెలు మళ్లీ ఇచ్చారు.

సీజను అయిపోయాక, షెడ్డు మూసిన వారంలో, ఒకరోజు గేటు దగ్గర ఎదురుపడింది. తనే ఆగింది.

“ఆ కాయ పప్పులో వేశానండి. పీచు, పులుపు కూడా సరిగ్గా లేదు. చెట్టుకి నీళ్లు పెట్టించట్లేదేమో మీరు.”

తీర్పు కోసం కాక చెట్టు కోసం ఆగిన మనిషికి ఇప్పుడు చెప్పొచ్చనిపించింది.

“ఆ రోజు నువ్వు తెచ్చుకున్నవి నీవేనమ్మా. రాలిన కాయ మీదే. నేను దులపమనకూడదు. ఆ పత్రాల్లో దొంగతనమని రాయకూడదు.”

ఆమె ఆశ్చర్యపోలేదు.

“తెలుసండీ. మా అమ్మ ఆ రోజే చెప్పింది, రాలింది మనదేనే అని. దాచిన పిందె తనే పప్పులో వేసింది.”

“తెలిసి కూడా ఇన్నాళ్లూ నా దగ్గరికి వచ్చావా?”

“తెలిస్తే పోయేదైతే మాత్ర ఎందుకండీ” అంది. తరవాత చెట్టు మొదలు వైపు చూసి, “పాదు చేసి నీళ్లు పెట్టించండి. వచ్చే ఏడైనా తినేట్టుంటాయి” అని వెళ్లిపోయింది.

 ఆమె క్షమించాననలేదు. నేను అడగనూ లేదు. మర్నాడు పలుగు తీసుకుని చెట్టు చుట్టూ పాదు నేనే చేశాను. ఇప్పుడు పొద్దున రెండు, సాయంత్రం రెండు బిందెలు పోస్తున్నాను.